కాకెంగిలి

ప్రకటనలో వయసు, చదువు, మార్కులు అన్నీ మామూలుగానే ఉన్నాయి. చివరి వాక్యం ఒక్కటే వేరు. 'ఎంపికైన అభ్యర్థి పరిశోధన ముగిసేవరకు ఒంటరిగా భోజనం చేయడానికి సిద్ధపడాలి.'

వకుళ దాన్ని కందుకూరులో, తన వంటింట్లో, గోంగూర ఒలుస్తూ ఫోన్‌లో చదివింది. చదివి నవ్వింది.

"ఏందమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు?" అంది అత్తగారు సుబ్బరత్తమ్మ, చేటలో బియ్యం ఏరుతూ.

"పీహెచ్‌డీ సీటిస్తారంట అత్తమ్మా. ఒక్కదాన్నే కూర్చుని తినాలంట."

"ఆ మాత్రం దానికి చదువెందుకంట? నేను కాపరానికొచ్చిన కాడ్నించీ చేస్తంది అదేగా."

నవ్వులాటకు అన్న మాటే. కానీ ఆ పూట అందరికీ వడ్డించి, చివర్న పొయ్యిగట్టు పక్కన పీట వేసుకుని కూర్చున్నప్పుడు వకుళ కలిపిన ముద్దను పక్కన పెట్టి ఆ ప్రకటన మళ్ళీ చదివింది. ఎమ్మెస్సీలో ఆమె సూక్ష్మజీవుల శాస్త్రం చదువుకుంది. పరిశోధనకు సీటు వచ్చిన నెలలోనే సంబంధం కుదిరింది. వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆ వచ్చే ఏడు హంసిని పుట్టింది. ఆ తర్వాత చూద్దామనే మాట కూడా ఎవరూ అనలేదు, ఆమెతో సహా.

భర్త మాలకొండయ్యకు మోటార్లు బాగుచేసే షాపు ఉంది. మాట తక్కువ మనిషి. సంగతంతా విని చేతికంటిన రాగితీగ మసి తుడుచుకుంటూ ఒక్కటే అడిగాడు.

"నీకు పోవాలనుందా, పోక తప్పదనుందా?"

తప్పదని చెప్పడానికి కారణాలు లేకపోలేదు. కానీ ఆమె నిజమే చెప్పింది.

"పోవాలనుంది."

"అయితే పో. పాపను మేం చూసుకుంటాం."

తప్పదని చెప్పి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఆమెకు చాలాసార్లు అనిపించింది.

* * *

పరిశోధన కేంద్రం వెలిగొండల అంచున, మనుషుల అలికిడి లేని చోట ఉంది. అక్కడ ప్రొఫెసర్ త్రిపురసుందరి ఇంటర్వ్యూ అంటూ ఏమీ చేయలేదు. వకుళను వెంటబెట్టుకుని వెనక వార్డుకి తీసుకెళ్ళింది. మంచం మీద ఎండిన చింతకాయలాంటి ఒక ముసలామె కూర్చుని సజ్జరొట్టె నములుతోంది. పళ్ళు లేవు. అయినా రొట్టె తరుగుతోంది.

"గురవమ్మ గారు. రాళ్ళు తిన్నా హరాయించుకుంటారు" అంది ప్రొఫెసర్. "ఇప్పుడిటు చూడు."

పక్క గదిలో ఆరేళ్ళ బాబు ఉన్నాడు. ముక్కులోంచి గొట్టం. వట్టికడుపు జబ్బు. దాని గురించి వకుళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కందుకూరులో ఆ జబ్బు పిల్లలు వీధికొకరు ఉన్నారు. హంసిని బడిలోనూ డబ్బాలో అన్నానికి బదులు పొడి ప్యాకెట్ తెచ్చుకునే పిల్లలు ఒక బెంచీ నిండా ఉన్నారు. పుట్టిన దగ్గర్నుంచీ వాడిన మందులు, మరీ శుద్ధి చేసిన నీళ్ళు, ప్యాకెట్ తిండి. వాళ్ళ పేగుల్లో ఉండాల్సిన సూక్ష్మజీవుల్లో చాలా జాతులు అసలు చేరనే లేదు. తిన్నది తిన్నట్టు పోతుంది.

గురవమ్మ కడుపులో మాత్రం మొత్తం ఊరంత సమాజం చెక్కుచెదరకుండా ఉంది. కేంద్రంలో దానికి 'గురవమ్మ గుంపు' అని పేరు. ఆ గుంపును గాజుగొట్టాల్లో పెంచి చూశారు, చచ్చిపోయింది. ఎలుకల్లో పెట్టారు, పందుల్లో పెట్టారు, నిలవలేదు. అది మనిషిలో తప్ప బతకదు. ఆమె నుంచి అప్పటికప్పుడు తీసి మాత్రల్లో పెట్టి పిల్లలకిస్తే వాళ్ళు చక్కగా అన్నం తిన్నారు, బుగ్గలొచ్చాయి. ఏడాది తిరిగేసరికి మళ్ళీ మొదటికొచ్చారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఈలోగా గురవమ్మకు వయసు మీరింది. ఆమె ఊరు ప్రాజెక్టు నీళ్ళ కింద మునిగింది. పునరావాస కాలనీ నీళ్ళకు, మందులకు మారిపోయిన ఆమె ఇంటివాళ్ళతో సహా, అంత నిండైన కడుపు మరొకటి ఎక్కడా దొరకలేదు.

"గుంపుకు ఇంకో ఇల్లు కావాలి" అంది ప్రొఫెసర్. "ఆ ఇల్లు నువ్వే. నీలో దాన్ని మోస్తూ, అదెలా బతుకుతుందో నువ్వే రాయాలి. అదే నీ థీసిస్. మూడేళ్ళు. బయటివాళ్ళ తిండి, నీళ్ళు, ముద్దు, దగ్గు, ఏదీ తగలకూడదు."

ముద్దు అన్న మాట దగ్గర ప్రొఫెసర్ ఆగలేదు. వకుళ మనసే ఆగింది.

* * *

ముందు నెలన్నర చేదు మందులతో వకుళ కడుపును ఖాళీ చేశారు. తన లోపలి వాళ్ళంతా వెళ్ళిపోయిన ఆ రోజుల్లో ఆమె ఏం తిన్నా నీళ్ళే అయ్యేది. తర్వాత గురవమ్మ గుంపును ఎక్కించి, కొండ వాలులో కట్టిన చిన్న ఇంట్లోకి పంపారు. ఆ ఇంటిని కేంద్రంలో అందరూ 'లోపల' అనేవారు.

లోపల అన్నీ గురవమ్మ ఇంట్లో ఉన్నట్టే ఉన్నాయి. ఊరు మునగకముందే ఆమె పెరట్లోంచి మట్టి తెచ్చి వాకిట్లో పరిచారు. ఆమె చేల గట్టు విత్తనాలతోనే సజ్జలు, కొర్రలు పండించి పంపేవారు. ఆమె పొయ్యిరాళ్ళు, ఆమె కుండలు, ఆమె గంటె కూడా తెచ్చి పెట్టారు. పొద్దున అంబలి, మధ్యాహ్నం సంగటి, చింతచిగురు పప్పు. ఆమె తిన్నదే, ఆమె తిన్నంతే.

మనుషుల్ని తప్ప అన్నీ తెచ్చారు. అప్పుడా సంగతి ఎవరికీ తట్టలేదు.

వకుళకు వంట కొత్త కాదు, ఒంటరిగా తినడమూ కొత్త కాదు. కానీ ఇంట్లో చివర్న తినేటప్పుడు పక్కగదిలో టీవీ మోగేది. హంసిని వచ్చి వీపు మీద వాలి, "ఒక్క ముద్ద" అని నోరు తెరిచేది. కడుపు నిండిన పిల్లే, అయినా తెరిచేది. ఇక్కడ కంచం ముందు కూర్చుంటే తన నమలుడు తనకే వినిపించేది. ఒంటరితనమంటే ఏమిటో ఆమెకు ఆ చప్పుడుతో తెలిసింది.

మొదటి ఏడు చివర్లో గురవమ్మకు జబ్బు చేసింది. పోయేముందు వకుళను చూస్తానంటే అద్దం అవతల మంచం వేసి కూర్చోబెట్టారు.

"ఎట్టున్నారమ్మా నా వాళ్ళు?" అని అడిగింది, వకుళ కడుపు వైపు చూపు విసిరి.

"బాగున్నారు పెద్దమ్మా."

"ఒక్కదానివే తింటన్నావంటగా. అట్టా తినబాకమ్మా. పీనాసి తిండి అది. ఒంటబట్టదు."

ముసలామె ప్రేమతో అన్న మాటగానే అందరూ విన్నారు. వకుళా అలాగే వింది. నాలుగు రోజుల తర్వాత గురవమ్మ లేదన్నారు. ఆమె పోయిన పూట వకుళకు ఆకలి వేసింది. ఆమెలోని వాళ్ళు ఎప్పట్లాగే తమ పని తాము చేసుకుపోతున్నారు.

* * *

నెలనెలా మొదటి ఆదివారం కలుసుకోవచ్చు. లోపలి ఇంటి వరండాలో నేల మీద ఎర్రగీత ఉంటుంది. ఇవతల వకుళ, అవతల ఇంటివాళ్ళు. ఇటునుంచి అటు గాలి కొట్టే పెద్ద ఫ్యాన్లు. అందరి మూతికీ గుడ్డలు. ఫ్యాన్ల హోరులో అరిచి మాట్లాడాలి. ప్రేమగా చెప్పాల్సిన మాటలు అరిచి చెబితే పోట్లాటలా ఉంటాయని వకుళకు ఇక్కడే తెలిసింది.

"మడి కట్టుకున్నోళ్ళను చూశాగానీ నీయంత మడి ఎక్కడా చూళ్ళేదమ్మా!" అని అరిచేది సుబ్బరత్తమ్మ. గార్డు కూడా నవ్వేవాడు.

హంసిని మొదట్లో ప్రతిసారీ "ఎప్పుడొస్తావు?" అని అడిగేది. తర్వాత నాలుగైదుసార్లకొకసారి అడిగేది. తర్వాత మానేసింది. మూతిగుడ్డ వెనక పాప పన్ను ఊడిన సంగతి మాటల్లో గాలి పోవడం వల్ల వకుళకు తెలిసింది. ఎత్తు పెరగడం కళ్ళకు కనిపించేది. నాయనమ్మ వేసిన జడలు మరీ బిగుతుగా ఉండి కణతల దగ్గర చర్మం లాగుతుండేది. గీత దాటి వెళ్ళి వాటిని కాస్త వదులు చేయాలని వకుళ చేతులు పీకేవి.

రెండో ఏడు సగంలో పరీక్షల్లో తేడా మొదలైంది. గుంపులో ఒక జాతి కనబడలేదు. పరీక్షలో పొరపాటనుకున్నారు. తర్వాతి నెల మరో రెండు లేవు. ఆ తర్వాత ప్రతి పరీక్షకూ కొందరు తగ్గుతూ వచ్చారు. పోయినవాళ్ళు తిరిగి రావడం లేదు. ఒకరు పోతే వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళూ పోతున్నారు. సంగటి తింటే వకుళకు పొట్ట ఉబ్బరం మొదలైంది.

ప్రొఫెసర్ అద్దం అవతల నిలబడి మైకులో మాట్లాడింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుంది. అదే వకుళకు ఎక్కువ గుచ్చుకుంది.

"వకుళా, నేనేమీ అనుకోను. నిజం చెప్పు. ఏమైనా తిన్నావా?"

"లేదు మేడం."

"బిస్కెట్టో, మందుబిళ్ళో. తలనొప్పికి ఎవరైనా ఇచ్చారా? పాప ఏదైనా..."

"లేదండీ."

"మరి ఎందుకు పోతున్నారు? నీరు అదే, మట్టి అదే, తిండి అదే."

ఇంట్లో ఉప్పు ఎక్కువైనా, పాలు విరిగినా మొదట తనవైపే చూసేవారు. అక్కడ కనీసం రెండో మనిషి ఉండేవాడు, నేను కాదని చెప్పుకోవడానికి. ఇక్కడ తనొక్కతే. తప్పు జరిగితే అది తనది కాక ఎవరిది? ఆ రోజు అంబలి తాగుతూ, తెలియకుండా తనే ఏదైనా చేస్తోందేమోనని తన చేతుల్ని తనే అనుమానంగా చూసుకుంది.

* * *

ఆ మధ్యలో వచ్చిన ఒక ఆదివారం సుబ్బరత్తమ్మ రాలేదు. మాలకొండయ్య, హంసిని వచ్చారు. హంసిని గౌను జేబులోంచి కాగితం పొట్లం తీసింది. చిమ్మిలి ఉండ. నువ్వులు, బెల్లం దంచి నాయనమ్మ చేసింది.

"హంసీ, ఇక్కడ ఏం తినకూడదమ్మా" అన్నాడు తండ్రి.

అంతలోనే అయిపోయింది. హంసిని మూతిగుడ్డ కిందికి లాగి, గౌను అంచుతో ఉండను కప్పి, ఆ గుడ్డ మీదనుంచే పళ్ళతో పటుక్కున కొరికింది. ఉండ రెండు ముక్కలైంది. ఒకటి తన నోట్లో వేసుకుని, రెండోదాన్ని వంగి గచ్చు మీద గోలీలా దొర్లించింది. అది ఫ్యాన్ గాలికి ఎదురీది, ఎర్రగీత దాటి వకుళ కాలి దగ్గర ఆగింది.

గార్డు ఈల వేశాడు. మాలకొండయ్య కూతురి రెక్క పట్టుకున్నాడు. వకుళ మాత్రం వంగి దాన్ని తీసుకుంది. ఒక పక్క తడిగా ఉంది. తడి మీద గౌను నేత గళ్ళుగళ్ళుగా అచ్చు పడింది.

"తినమ్మా! ఏం కాదు!"

"ఎంగిలి కదరా తల్లీ. తినకూడదు."

హంసిని మొహం మాడిపోయింది. "ఎంగిలెందుకవుద్ది? గుడ్డేసి కొరికా కదా! కాకెంగిలి ఎంగిలి కాదు! నీకు నేను ఎంగిలి పెడతానా, ఛీ!"

ఆ ఛీ దగ్గర వకుళ నిలిచిపోయింది. అచ్చం అలాంటి 'ఛీ' తను ఇంతకుముందు విన్నది. లోపలికి రాకముందు శిక్షణలో గురవమ్మ ఊరివాళ్ళతో జరిపిన సంభాషణలు వినిపించారు. ఏం తింటారు, ఎప్పుడు తింటారు, ఎక్కడి నీళ్ళు తాగుతారు అని అన్నీ అడిగారు. 'మీ ఇంట్లో ఒకరి ఎంగిలి ఒకరు తింటారా?' అనీ అడిగారు. ప్రతి ఇంట్లో అదే జవాబు. 'ఛీ, మేమేమన్నా అట్టాంటోళ్ళమా?' పరువు గల ఏ ఇల్లాలైనా చెప్పే జవాబే. వకుళను అడిగినా అదే చెప్పేది.

చిమ్మిలి ముక్క ఇంకా ఆమె అరచేతిలోనే ఉంది. నువ్వుల వాసన, బెల్లం వాసన, వాటి వెనక లీలగా పిల్ల నోటి వాసన. ఆమె చెయ్యి తనంతట తనే మూతి దాకా లేచింది. గీత అవతల హంసిని నోరు తెరుచుకుని చూస్తోంది, తల్లి నోటితో పాటు తనదీ తెరుచుకోవాలన్నట్టు.

వకుళ చెయ్యి దించింది. ముక్కను నమూనాల గాజుపెట్టెలో పెట్టి మూత బిగించింది. హంసిని ఏడవలేదు. తిరిగి చూడకుండా తండ్రి కంటే ముందే గేటు వైపు నడిచింది.

* * *

ప్రయోగశాల జవాబు మర్నాడు పొద్దున్నే వచ్చింది. పూల గౌను గుడ్డ దేన్నీ ఆపలేదు. పాప నోట్లో ఉన్నవన్నీ దాదాపుగా చిమ్మిలి మీదికి దాటాయి.

వకుళ ప్రొఫెసర్ని ఒకటే కోరింది. గురవమ్మ కోడలు ఆదెమ్మ పునరావాస కాలనీలో ఉంది. ఆమెతో ఫోన్లో మాట్లాడాలి. ప్రొఫెసర్ అద్దం అవతల కూర్చుని తనూ విన్నది.

"ఆదెమ్మక్కా, మీ పిల్లలు చిన్నప్పుడు కాకెంగిలి పంచుకునేవాళ్ళా?"

"అదేం ప్రశ్నమ్మా! పంచుకోకుండా ఏ పిల్లకాయలుంటారు? జామకాయ దొరికితే ఊళ్ళో సగం మంది కొరికేవాళ్ళు."

"మీ అత్తగారు ముద్దలు కలిపి పెట్టేదా?"

"పెట్టేదా ఏంది! గంపెడు మందిమి. సంగటంతా ఒక్క తట్టలో పిసికి, చుట్టూ కూర్చోబెట్టుకుని చేతిలో ముద్ద ఏసేది. తను వేళ్ళు నాక్కుంటానే పెట్టేది. పిల్లకాయలు సగం కొరికి వద్దంటే ఆ సగం తన నోట్లో ఏసుకునేది. పారెయ్యటమంటే ఆమెకు పడదు."

"మరి అది ఎంగిలి కాదా అక్కా?"

ఆదెమ్మ గొంతు నిజంగానే నొచ్చుకుంది. "పిల్లలదెక్కడన్నా ఎంగిలవుద్దా తల్లీ? పెద్దామె చేతిది ఎంగిలవుద్దా? చదువుకున్నోళ్ళు, మీకు తెలవదా?"

ఫోన్ పెట్టేశాక ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది.

"మనం ఎంగిలి గురించి అడిగాం. వాళ్ళు ఎంగిలి గురించే చెప్పారు. అబద్ధమేం చెప్పలేదు" అంది చివరికి.

"గుంపు గురవమ్మలో లేదు మేడం" అంది వకుళ. "ఆ తట్ట చుట్టూ ఉండేది. ఆమెలో ఒకరు పోతే మనవడి దగ్గర్నుంచి తిరిగొచ్చేవారు. అతనిలో పోతే ఆమె దగ్గర్నుంచి. నాలో పోతే ఎవరి దగ్గర్నుంచి వస్తారు?"

"ఆస్పత్రి పిల్లలూ అంతే." ప్రొఫెసర్ తనలో తను అనుకున్నట్టుగా అంది. "ఇంట్లో ఒక్కరికే మాత్రలిచ్చాం. రోగులు కదా అని విడిగా కంచం, విడిగా గ్లాసు పెట్టించాం. మనమే."

* * *

ఆ తర్వాతి మాట చెప్పడానికి ప్రొఫెసర్ స్వయంగా వరండాలోకి వచ్చి ఎర్రగీత దగ్గర నిలబడింది. ఫ్యాన్లు ఆపించలేదు గానీ కుర్చీ తెచ్చుకుంది. కుర్చీ తెచ్చుకుందంటే మాట చిన్నది కాదు.

"నీ థీసిస్ అయిపోయినట్టే. ఇది చాలు. వచ్చే నెల ఇంటికి వెళ్ళొచ్చు."

"వెళితే గుంపు?"

"మీ ఇంట్లోవాళ్ళవి నిండిన కడుపులు. వాళ్ళతో కలిసి తింటే వాళ్ళలో ఉన్నవి నీలోని వీళ్ళను తరిమేస్తాయి. గురవమ్మ నమూనా గడ్డకట్టే చలిపెట్టెలో ఉంది, చలికి ఓర్చుకునేవి అందులో దక్కుతాయి. ఓర్చుకోలేనివి ఇక నీలో మాత్రమే ఉన్నాయి." ఆగి, గచ్చు వైపు చూసింది. "ఇంకో ఇద్దరిని ఖాళీ చేసి, పెట్టెలోవి వాళ్ళకెక్కించి, ముగ్గురూ ఒక కంచంలో తింటే గుంపు మళ్ళీ నిండొచ్చు. రెండేళ్ళు పడుతుంది. అడిగే హక్కు నాకు లేదు. ఒకసారి నిన్ను అనుమానించాను కూడా."

ఆ వారమంతా వకుళ ఫోన్ చేయలేదు. చేసినప్పుడు మాలకొండయ్య అంతా విన్నాడు. తర్వాత, అతను ఎన్నడూ అనని మాట అన్నాడు.

"ఆ ఇద్దరిలో ఒకడిగా నేనొస్తా. మనిద్దరం ఎప్పుడన్నా ఒక కంచంలో తిన్నామా?"

వకుళ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"పాపకు జడెవరేస్తారు?"

"అమ్మ ఏస్తంది కదా."

"బిగించి వేస్తోంది. అదిగాక నువ్వూ లేకపోతే అది ఎవరి దగ్గర పడుకుంటుంది?"

అవతల మోటారు తిరుగుతున్న చప్పుడు. "సరే" అన్నాడు చివరికి. "వదులుగా వెయ్యటం నేను నేర్చుకుంటాలే."

ఉంటున్నానని ఆమె చెప్పలేదు. అతనికి అర్థమైపోయింది.

కేంద్రం కొత్త ప్రకటన ఇచ్చింది. వయసు, చదువు, మార్కులు అన్నీ మామూలే. చివరి వాక్యం మాత్రం మారింది. 'ఎంపికైన అభ్యర్థులు ఇతరులతో ఒకే కంచంలో భోజనం చేయడానికి సిద్ధపడాలి.' మొదటిదానికి వచ్చిన దరఖాస్తుల్లో నాలుగో వంతు కూడా రాలేదు.

వచ్చినవాళ్ళలో మార్కాపురం అమ్మాయి షకీలాను, చీరాల కుర్రాడు ఏసుపాదాన్ని తీసుకున్నారు. చేదు మందుల నెలన్నర ముగిశాక, ఇద్దరూ వాడిపోయిన మొహాలతో లోపలికి వచ్చారు. మొదటిరోజు వకుళ గురవమ్మ కుండలో సంగటి కెలికి, తట్టలో పోసి మధ్యన పెట్టింది. ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు.

"మా ఇంట్లో ఒకే పళ్ళెం అక్కా, నాకేం కొత్త కాదు" అంది షకీలా. అన్నదే గాని చెయ్యి ఒళ్ళోనే ఉంది.

ఏసుపాదం తట్ట వైపు చూస్తూ నవ్వాడు. "మా నానమ్మను ఎవరింట్లోనూ గ్లాసు ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదంట. ఇప్పుడు నా ఎంగిలికి ఫెలోషిప్ ఇస్తన్నారు. ఆమె ఉంటే చెప్పుకుని నవ్వేదాన్నే."

"నవ్వేదాన్నే ఏంది, నవ్వేవాణ్ణే" అంది షకీలా.

"ఆమె నవ్వేదంటున్నా. మందులకు నాలిక తిరగట్లా."

ముగ్గురికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే వకుళ సంగటి పిసికి, పప్పు అద్ది, మొదటి ముద్ద ఏసుపాదం చేతిలో వేసింది. రెండోది షకీలా చేతిలో. మూడోది తను తిని, వేళ్ళు నాక్కుని, మళ్ళీ తట్టలో చెయ్యి పెట్టింది. పెళ్ళయ్యాక తను అందరికంటే చివర్న కాకుండా, అందరితో కలిసి తిన్న మొదటి భోజనం అదేనని ఆమెకు సగంలో తోచింది. వాళ్ళిద్దరూ మంచివాళ్ళే. అయినా ప్రతి ముద్ద దగ్గరా ఆమె కన్ను తన వీపు వెనక్కి పోయేది. అక్కడ ఎవరూ వాలి లేరు.

మూడో నెల పరీక్షలో, పోయినవాళ్ళలో ఇద్దరు వకుళలో మళ్ళీ కనిపించారు. షకీలా దగ్గర్నుంచి వచ్చారు. ఆస్పత్రిలో ఇక మాత్రలు ఇంటిల్లిపాదికీ ఇవ్వడం మొదలుపెట్టారు. విడి కంచాలు తీసేయమన్నారు.

* * *

ఆ తర్వాతి ఆదివారం హంసిని కొత్త గౌనులో వచ్చింది. జడలు వదులుగా ఉన్నాయి, ఒకటి ఎత్తుగా, ఒకటి కిందికి. ఊడిన చోట కొత్త పన్ను సగం వచ్చింది.

"వాళ్ళకు ముద్దలు పెడతన్నావంటగా?" అని అరిచింది గీత అవతల నుంచి.

"ఎవరు చెప్పారు?"

"నాన్న."

"పెడుతున్నా."

"నాకు పెట్టినట్టేనా?"

ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. వకుళ గీత దాకా జరిగి, "లేదు. వాళ్ళకు పప్పు తక్కువ పెడతా" అంది.

హంసిని ఆ జవాబును అటూ ఇటూ తిప్పి చూసుకుని, సరేననుకున్నట్టు తలాడించింది. జేబులోంచి పొట్లం తీసింది. మాలకొండయ్య కదిలాడు గానీ ఈసారి ఆపలేదు. పిల్ల గౌను అంచు కప్పి చిమ్మిలి కొరికింది. సగం నోట్లో వేసుకుంది. మిగతా సగాన్ని దొర్లించలేదు. వంగి, ఎర్రగీతకు తనవైపే, గీతను తాకీ తాకకుండా పెట్టింది. గార్డు ఈలను మూతి దాకా తెచ్చి, దించేశాడు.

"ఇది నీది" అంది. "అక్కణ్ణుంచే తిను."

వకుళ గీతకు ఇవతల గచ్చు మీద కూర్చుంది. చెయ్యి చాపి, గాలిలోంచి ఒక ముక్క తీసుకున్నట్టు తీసుకుంది. మూతిగుడ్డ చాటున నోట్లో వేసుకున్నట్టు వేసుకుంది. నమిలింది. హంసిని తన ముక్కను బుగ్గనుంచుకుని, తల్లి దవడ ఆగేదాకా కళ్ళార్పకుండా చూసింది.

"ఎట్టుంది?"

"తియ్యగా ఉందమ్మా."

"అబద్ధం" అంది హంసిని. "నాయనమ్మ ఈసారి బెల్లం తక్కువేసింది."